యుద్ధం ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

సంక్షిప్తంగా: పరాయి గడ్డ మీదికి సైన్యాన్ని పంపిన ప్రభుత్వం మొత్తం ఖర్చును యుద్ధం ఖాతాలో రాయదు. పంపకపోయి ఉంటే అయ్యేదానికన్నా ఎంత ఎక్కువయిందో, ఆ అదనాన్నే యుద్ధం ఖర్చు అంటుంది. ఆ అదనాన్ని మామూలు రక్షణ బడ్జెట్‌లోనే కలుపుతారా, పక్కన వేరే పద్దు తెరుస్తారా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. చట్టసభకు ఎంత కనిపిస్తుంది, భారం ఏ తరం మీద పడుతుంది అన్నవి చాలావరకు అక్కడే తేలిపోతాయి.

అఫ్ఘానిస్థాన్, ఇరాక్ యుద్ధాలకు అమెరికాకు ఎంతయిందని వెతికితే పొంతన లేని అంకెలు కనిపిస్తాయి. అమెరికా కాంగ్రెస్ సొంత పరిశోధన విభాగం 2014 చివర్లో చెప్పిన లెక్క 1.6 లక్షల కోట్ల డాలర్లు. బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో వేసిన లెక్క 8 లక్షల కోట్ల డాలర్లు. మధ్యలో గడిచిన ఏడేళ్లు ఈ తేడాలో కొంత భాగమే. మొదటి లెక్క, యుద్ధం పేరుతో కాంగ్రెస్ మంజూరు చేసిన సొమ్మును మాత్రమే కూడింది. రెండోది అప్పు మీద వడ్డీని, ఆ యుద్ధాల వల్ల ఉబ్బిన మామూలు రక్షణ బడ్జెట్‌ను, 2050 దాకా మాజీ సైనికుల వైద్యానికీ పింఛన్లకూ అయ్యే ఖర్చును కూడా కలిపింది.

రెండూ దొంగ లెక్కలు కావు. పెళ్లికి ఎంతయిందని అడిగితే మండపం అద్దె, భోజనాల బిల్లు చెప్పి ఊరుకునేవాళ్లు ఉంటారు. దాని కోసం ఇంటికి వేయించిన రంగులు, తెచ్చిన అప్పు మీద మూడేళ్ల వడ్డీ కలిపి చెప్పేవాళ్లూ ఉంటారు. యుద్ధాల విషయంలో మొదటి రకం లెక్క అధికారిక పత్రాల్లో ఉంటుంది. రెండో రకం లెక్క సాధారణంగా బయటివాళ్లు వేస్తారు.

'జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే కదా'

అదనపు ఖర్చు అనే ఆలోచన చూడటానికి న్యాయంగానే ఉంటుంది. సైనికుడు బ్యారక్‌లో ఉన్నా, ఎడారిలో ఉన్నా నెల జీతం ఆగదు. కాబట్టి ఆ జీతం యుద్ధం ఖాతాలోకి రాదు. యుద్ధభూమిలో ఉన్నందుకు ఇచ్చే ప్రత్యేక భత్యం, అక్కడికి చేర్చిన విమానం కిరాయి, అక్కడ కాలిన ఇంధనం, పేలిన మందుగుండు, పాడైన వాహనాల మరమ్మతు వస్తాయి. బ్రిటన్‌లో ఈ సూత్రానికి 'సైనిక చర్యల నికర అదనపు ఖర్చు' అని పేరే ఉంది. ఆస్ట్రేలియాలో 'లాభం లేదు, నష్టం లేదు' పద్ధతి: పెద్ద ఆపరేషన్‌కు ఎంత అదనంగా ఖర్చయితే అంతా ప్రభుత్వం రక్షణ శాఖకు ఇస్తుంది, మిగిలితే శాఖ తిరిగి ఇచ్చేస్తుంది. కెనడా రక్షణ శాఖ అదనపు ఖర్చు, పూర్తి ఖర్చు అని రెండు అంకెలూ చూపేది. పూర్తి ఖర్చులో జీతాలు, పరికరాల అరుగుదల కూడా ఉంటాయి కాబట్టి అది చాలా పెద్దదిగా కనిపించేది. 2008లో అక్కడి పార్లమెంటు బడ్జెట్ అధికారి అఫ్ఘానిస్థాన్ భారం 2011 నాటికి 1,810 కోట్ల కెనడా డాలర్ల దాకా వెళ్లవచ్చని చెప్పినప్పుడు గొడవంతా ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్నదాని మీదే జరిగింది.

ఈ గొడవ కొత్తది కాదు. దీని పాత రూపం మన దేశం ఖజానా మీదే నడిచింది. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చినప్పుడు చేసిన 1858 చట్టంలో 55వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. దాడిని ఆపడానికో, తిప్పికొట్టడానికో తప్ప, సరిహద్దులు దాటి చేసే సైనిక చర్యలకు భారత ఆదాయాన్ని వాడాలంటే బ్రిటన్ పార్లమెంటు ఉభయ సభలూ ఒప్పుకోవాలి. కాగితం మీద అది రక్షణే. 1867లో అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, చక్రవర్తి బంధించిన బ్రిటిష్ వాళ్లను విడిపించడానికి బొంబాయి నుంచి సైన్యం బయల్దేరినప్పుడు ఆ షరతు ఎలా పనిచేస్తుందో తెలిసింది. లండన్ చెప్పిన వాటా ఇది: అసాధారణ ఖర్చు బ్రిటన్‌ది, భారత సైనికుల మామూలు జీతం భారత్‌దే. ఆ జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే కదా అన్నది వాదన.

దాదాభాయి నౌరోజీ వంటివాళ్లు దీన్ని దశాబ్దాల పాటు తప్పుబట్టారు. తమకు సంబంధం లేని యుద్ధానికి అంతమందిని పంపగలిగారంటే అంత సైన్యం ఇక్కడ అవసరం లేదనేగా అర్థం, అవసరం లేని సైన్యాన్ని భారత రైతు పన్నుతో ఎందుకు పోషించాలన్నది వాళ్ల వైపు నుంచి వచ్చిన ఎదురు ప్రశ్న. భారత ఖర్చుల మీద 1895లో వేసిన వెల్బీ కమిషన్‌లో నౌరోజీ సభ్యుడు. 1897లో గోపాలకృష్ణ గోఖలే దాని ముందు సాక్ష్యం చెప్పారు. లోపల ఉన్న చిక్కు ఇప్పటికీ అదే. ఆపరేషన్లు తరచూ జరుగుతుంటే వాటిని మోయడానికి సరిపడా పెద్ద సైన్యాన్ని ఏడాది పొడవునా ఉంచాలి. ఆ పెద్దరికం ఖర్చు ఏ ఆపరేషన్ ఖాతాలోనూ కనబడదు.

అబిసీనియా యాత్ర ఇంకోటి కూడా చూపించింది. మొదట 20 లక్షల పౌండ్లు అడిగిన ప్రభుత్వం చివరికి 80 లక్షలు దాటించింది. తెలుగులో తడిసి మోపెడవడం అనేది ఇలాంటి బిల్లుల గురించే.

1880 బడ్జెట్‌లో జరిగిన పొరపాటు

అంచనాలు ఎందుకు తప్పుతాయో తెలుసుకోవడానికి బ్రిటిష్ పాలకులు భారత్ నుంచి నడిపిన రెండో అఫ్ఘాన్ యుద్ధం మంచి ఉదాహరణ. 1880 తొలి నెలల్లో కలకత్తాలో వైస్రాయ్ మండలి ఆర్థిక సభ్యుడు జాన్ స్ట్రేచీ ప్రవేశపెట్టిన బడ్జెట్ యుద్ధం ఖర్చును సుమారు 60 లక్షల పౌండ్లుగా చూపింది. కొన్ని నెలలు తిరిగేసరికి అసలు బిల్లు దాదాపు మూడు రెట్లని బయటపడింది. ఎవరో డబ్బు తినేసినందువల్ల వచ్చిన తేడా కాదిది. సైనిక లెక్కల విభాగం తన దగ్గరికి వచ్చి ఆడిట్ పూర్తయిన ఓచర్లనే ఖర్చుగా చూపింది. సరిహద్దు దగ్గర ఖజానాల నుంచి అప్పటికే అడ్వాన్సులుగా వెళ్లిపోయిన రొక్కం ఆ లెక్కలోకి రాలేదు. ఒంటెలు కొన్నవాడు, గడ్డి సరఫరా చేసినవాడు సొమ్ము తీసుకెళ్లారు. కాగితం మాత్రం వెనకబడింది. లండన్‌లో అధికారంలోకి వచ్చిన గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం చివరికి 50 లక్షల పౌండ్లు భరించింది. మిగతాది భారత ఖజానా మోసింది.

డబ్బు బయటికి వెళ్లే వేగం, లెక్క తేలే వేగం ఒకటి కాకపోవడం యుద్ధ బడ్జెట్ల పుట్టు సమస్య. పైగా బడ్జెట్ తయారీ చాలా ముందు మొదలవుతుంది. అమెరికా రక్షణ శాఖలో ఒక ఏడాది లెక్క దాదాపు రెండేళ్ల ముందు నుంచే నలుగుతుంది. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు కాబట్టి ఏదో ఒక తేదీ ఊహించుకోవాలి. 1966 జనవరిలో లిండన్ జాన్సన్ ప్రభుత్వం ఇచ్చిన బడ్జెట్, వియత్నాంలో పోరు 1967 జూన్ 30కి ముగుస్తుందని అనుకుని లెక్క వేసింది. ఆ తేదీ ఎందుకంటే అప్పట్లో అక్కడి ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో అయిపోయేది. శత్రువు ఆ క్యాలెండర్ ప్రకారం నడవలేదు. చివరికి 1968లో ఆదాయపు పన్ను మీద 10 శాతం సర్‌చార్జి వేయక తప్పలేదు.

అమెరికా: అత్యవసరం ఎలా అలవాటైంది

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వారం తిరగకుండా అమెరికా కాంగ్రెస్ 4,000 కోట్ల డాలర్ల అత్యవసర అనుబంధ మంజూరు (ప్రధాన బడ్జెట్‌కు బయట అదనంగా ఇచ్చే సొమ్ము) ఇచ్చింది. అంత తొందరలో అది సహజమే. నిజానికి అమెరికా సైన్యానికి అంతకన్నా పాత వెసులుబాటు కూడా ఉంది. 1861 నాటి, అంతర్యుద్ధ కాలపు చట్టం ఒకటి బట్టలు, తిండి, గడ్డి, ఇంధనం, వసతి, రవాణా, మందుల కోసం మంజూరు లేకపోయినా అప్పు పెట్టుకోవచ్చని అంటుంది. గుర్రాలు పోయినా గడ్డి చట్టంలో మిగిలిపోయింది.

చర్చ మొదలయ్యేది తర్వాతి సంవత్సరాల దగ్గర. ఇరాక్ యుద్ధానికి ముందు, 2002 సెప్టెంబర్‌లో, అధ్యక్షుడు బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్లు కావచ్చని బహిరంగంగా అన్నారు. అది ఎక్కువ చేసి చెప్పడమేనని పాలకవర్గం తోసిపుచ్చింది, ఆ డిసెంబర్‌లో ఆయన పదవి పోయింది. బడ్జెట్ డైరెక్టర్ మిచ్ డానియల్స్ నోట వచ్చిన అంకె 5,000 నుంచి 6,000 కోట్లు. 2003 ఏప్రిల్‌లో తొలి అనుబంధ మంజూరే సుమారు 7,900 కోట్లు. నవంబర్‌లో ఇంకో 8,700 కోట్లు. లిండ్సే చెప్పిన ఎక్కువ అంకె కూడా ఆ తర్వాత చాలా చిన్నదైపోయింది.

ఇక అక్కడి నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు అనుబంధ పద్దు రావడం మామూలైంది. ఇలాంటి పద్దుకు కొన్ని సౌకర్యాలున్నాయి. ఫిబ్రవరిలో అధ్యక్షుడు చూపే ప్రధాన బడ్జెట్‌లో అది ఉండదు కాబట్టి లోటు తక్కువగా కనిపిస్తుంది. మామూలు బడ్జెట్‌తో పాటు వచ్చే వందల పేజీల వివరణలు దీనికి అంతగా ఉండవు. సైనికులు యుద్ధంలో ఉండగా వద్దని ఓటేయడానికి ఏ సభ్యుడికీ ధైర్యం చాలదు. ఆకస్మికంగా వచ్చిన ఖర్చుకు ఇది తగిన మార్గమే. నాలుగో ఏడాది, ఐదో ఏడాది కూడా యుద్ధం ఆకస్మికం ఎలా అవుతుంది? 2006లో కాంగ్రెస్ ఒక చట్టంలో, యుద్ధం ఖర్చును ప్రధాన బడ్జెట్‌తో పాటే అడగాలని షరతు పెట్టింది.

ఒబామా పాలనలో దీనికి కొత్త పేరు వచ్చింది. 'విదేశీ ఆకస్మిక కార్యకలాపాలు' అనే అర్థం వచ్చే ఆ పద్దును పొడి అక్షరాల్లో ఓసీఓ అనేవారు. ఏది ఈ పద్దులోకి రావచ్చో, ఏది రాకూడదో అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయం 2010లో నిబంధనలు కూడా రాసింది. అప్పటికి ఇది మెరుగే. కథ తిరిగింది 2011లో. లోటు తగ్గించడానికి ఆ ఏడాది చేసిన చట్టం రక్షణ, ఇతర ఖర్చుల మీద పదేళ్ల పాటు పరిమితులు పెట్టింది. ఓసీఓకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఒక గదికి తాళం వేసి పక్క గదిని తెరిచి ఉంచితే సామానంతా ఎటు చేరుతుందో చెప్పక్కర్లేదు. మామూలు నిర్వహణ ఖర్చులు యుద్ధం పద్దులోకి జరగడం మొదలైంది. రష్యా క్రిమియాను కలుపుకున్నాక యూరప్‌లో అమెరికా బలగాలను పెంచే కార్యక్రమానికి కూడా డబ్బు ఇందులో నుంచే వచ్చింది, అప్పుడు అక్కడ అమెరికా ఏ యుద్ధమూ చేయడం లేదు. 2015 అక్టోబర్‌లో ఒబామా రక్షణ ఖర్చుకు అనుమతిచ్చే బిల్లును వీటో చేశారు. అందులో ఒక కారణం ఇదే: పరిమితి తప్పించుకోవడానికి సుమారు 3,800 కోట్ల డాలర్లను ఓసీఓలో రాయడం. మూడేళ్లు తిరిగాక ట్రంప్ ప్రభుత్వం ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది. 2020 ఆర్థిక సంవత్సరానికి అది అడిగిన 16,400 కోట్ల ఓసీఓలో దాదాపు 9,800 కోట్లు 'మామూలు అవసరాల కోసం' అని పత్రంలోనే రాసి ఉంది. దాపరికం కూడా పోయిందన్నమాట. అడ్డదారి నిధి అని ఈ పద్దును రెండు పార్టీల్లోనూ విమర్శించినవాళ్లున్నారు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం భవిష్యత్ అంచనా వేసేటప్పుడు ఈ ఏడాది ఎంత ఇచ్చారో, ధరల పెరుగుదల కలిపి, ప్రతి ఏడాదీ అంతే ఇస్తారని అనుకుంటుంది. బలగాలు వెనక్కి వస్తున్నాయని అందరికీ తెలిసినా లెక్క మాత్రం పదేళ్ల యుద్ధాన్ని ఊహిస్తుంది. అలా ఊహించిన సొమ్మును ఖర్చు పెట్టకపోతే అది పొదుపు. 2011లో రిపబ్లికన్ల బడ్జెట్ పత్రం, ఒబామా లోటు తగ్గింపు ప్రణాళిక రెండూ ఈ రకంగా సుమారు లక్ష కోట్ల డాలర్ల పొదుపు చూపాయి. కొననని ముందే అనుకున్న కారు కొననందుకు పది లక్షలు మిగిలాయని ఇంట్లో చెప్పుకోవడం లాంటిది.

2021తో ఆ పరిమితుల చట్టం గడువు ముగిసింది, అఫ్ఘానిస్థాన్ నుంచి బలగాలూ వచ్చేశాయి. 2022 ఆర్థిక సంవత్సరం నుంచి బైడెన్ ప్రభుత్వం ఓసీఓను ఎత్తేసి ఆ ఖర్చును మామూలు బడ్జెట్‌లో కలిపింది. అప్పటిదాకా యుద్ధం పద్దు ఎంతో కనీసం ఒక అంకె కనిపించేది, ఇప్పుడు అది సముద్రంలో కలిసిన ఉప్పు. వేరే పద్దు దుర్వినియోగమైతే నియంత్రణ పోతుంది, పద్దే లేకపోతే పారదర్శకత తగ్గుతుంది. 2025లో ఇంకో కొత్త దారి వచ్చింది. పన్నుల బిల్లుతో కలిపి రక్షణకు సుమారు 15,000 కోట్ల డాలర్లు, ఏటా జరిగే మంజూరు ప్రక్రియకు బయట ఇచ్చారు. ఒక దారి మూసుకుంటే ఇంకొకటి తెరుచుకుంటోంది.

బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ

బ్రిటన్‌లో జీతాలు, మామూలు శిక్షణ రక్షణ శాఖవి. ఆపరేషన్ వల్ల పెరిగినది ట్రెజరీ, అంటే అక్కడి ఆర్థిక శాఖ, ప్రత్యేక రిజర్వు నుంచి వస్తుంది. ఇరాక్‌కు ముందు 2002 నవంబర్‌లో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ 100 కోట్ల పౌండ్లు పక్కన పెట్టారు, 2003 ఏప్రిల్ నాటికి అది 300 కోట్లయింది. ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద జరిగిన చిల్కాట్ విచారణ తేల్చిన ప్రకారం 2003 నుంచి 2009 దాకా ఇరాక్‌లో బ్రిటన్ ప్రత్యక్ష ఖర్చు కనీసం 920 కోట్ల పౌండ్లు, అందులో 89 శాతం సైనిక చర్యలదే.

ఈ పద్ధతిలో తిరకాసు పరికరాల దగ్గర వస్తుంది. రోడ్డు పక్క బాంబులకు తట్టుకునే వాహనాలు కావాలంటే, పదేళ్లు పట్టే మామూలు కొనుగోలు విధానం పక్కన పెట్టి 'అత్యవసర ఆపరేషన్ అవసరం' కింద నెలల్లో కొన్నారు, ట్రెజరీ డబ్బు ఇచ్చింది. యుద్ధం అయిపోయాక ఆ వాహనాలు ఎక్కడికి పోతాయి? ఉంచుకోవాలనుకుంటే వాటి విడిభాగాలు, మరమ్మతులు, నడిపేవాళ్ల శిక్షణ ఇక రక్షణ శాఖ సొంత బడ్జెట్ మీద పడతాయి. ఉచితంగా వచ్చిన ఏనుగుకు గడ్డి మాత్రం మనమే కొనాలి.

ఫ్రాన్స్‌ది ఇంకో జబ్బు. అక్కడ బడ్జెట్‌లో విదేశీ ఆపరేషన్లకు ముందే ఒక మొత్తం రాస్తారు. కావాలనే తక్కువ రాస్తారని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే అక్కడి జమాఖర్చుల న్యాయస్థానం చాలాసార్లు ఎత్తిచూపింది. 2010ల మధ్యలో ఏటా 45 కోట్ల యూరోలు రాసేవారు. మాలి, సహెల్, ఇరాక్-సిరియా ఆపరేషన్లకు అయ్యేది 100 కోట్లు దాటేది. తేడాను ఏడాది చివర అన్ని మంత్రిత్వ శాఖల నుంచి కొంత కొంత గీరి పూడ్చేవారు. 2017లో లోటు తగ్గించే ఒత్తిడిలో రక్షణ శాఖ బడ్జెట్‌కు 85 కోట్ల యూరోల కోత పడింది. అధ్యక్షుడు మాక్రోన్‌తో విభేదించిన సైన్యాధిపతి జనరల్ పియెర్ ద విలియే ఆ జులై 19న రాజీనామా చేశారు. ఆ తర్వాత చేసిన సైనిక ప్రణాళిక చట్టం ఆ మొత్తాన్ని మెట్లు మెట్లుగా పెంచి 2020 నుంచి 110 కోట్లకు తెచ్చింది. చేసేది మారలేదు, రాసేది నిజానికి దగ్గరైంది.

జర్మనీలో డబ్బు లెక్క అనుమతి కాగితంలోనే ఉంటుంది. 2005 చట్టం ప్రకారం సైన్యాన్ని బయటికి పంపాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే అర్జీలో ఎక్కడికి, గరిష్ఠంగా ఎంతమంది, ఎంతకాలం అన్నవాటితో పాటు ఎంత ఖర్చవుతుంది, అది ఎక్కడి నుంచి వస్తుంది అని కూడా రాయాలి. అనుమతి సాధారణంగా ఏడాదికి మించి ఉండదు కాబట్టి అంకె ఏటా సభ ముందుకొస్తుంది. ఇక్కడా రాసేది అదనపు ఖర్చే, కానీ పంపడం ఒకరోజు, బిల్లు ఇంకోరోజు అనే ఎడం తగ్గింది. రష్యా దీనికి పూర్తి భిన్నం. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2025కు రక్షణకు 13.5 లక్షల కోట్ల రూబుళ్లు రాసినా అందులో పెద్ద భాగం రహస్య పద్దుల్లో ఉంది. సైన్యంలో చేరేవాళ్లకు ఇచ్చే బోనస్‌లలో చాలావరకు ప్రాంతీయ ప్రభుత్వాలే ఇస్తున్నాయి కాబట్టి అవి కేంద్ర రక్షణ పద్దులో కనిపించవు.

ఇతరుల డబ్బు, పాత సామాను

యుద్ధం చేసేవాడే ఎప్పుడూ పూర్తిగా చెల్లించడు. 1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికాకు అయినదిగా లెక్కేసిన 6,100 కోట్ల డాలర్లలో సుమారు 5,400 కోట్లు మిత్ర దేశాలు ఇచ్చాయి. సౌదీ, కువైట్, ఇతర గల్ఫ్ దేశాలది పెద్ద వాటా. సైన్యాన్ని పంపలేని జపాన్ 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది, దాని కోసం తాత్కాలిక పన్నులు వేసింది. జర్మనీలో 1991లో వచ్చిన 'సంఘీభావ సర్‌చార్జి'కి చెప్పిన కారణాల్లో గల్ఫ్ యుద్ధం ఒకటి. ఏడాదికని చెప్పి తెచ్చిన ఆ సర్‌చార్జి మధ్యలో ఆగి 1995లో మళ్లీ వచ్చింది. ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఇప్పటికీ కడుతున్నారు.

దీనికి తిరగేసిన లెక్క, ఇతర దేశాల దారి మీద ఆధారపడటం. 2011 నవంబర్‌లో పాకిస్తాన్ తన భూభాగం గుండా అఫ్ఘానిస్థాన్‌కు వెళ్లే లారీలను ఆపేసింది. రష్యా, మధ్య ఆసియా మీదుగా చుట్టు తిరిగి పంపడం వల్ల నెలకు 10 కోట్ల డాలర్లు అదనమని అమెరికా రక్షణమంత్రి లియోన్ పనెటా చెప్పారు. ఏడు నెలలకు పైగా ఆ దారి మూసి ఉంది. ఏ బడ్జెట్ అంచనాలోనూ 'పొరుగువాడి కోపం' అనే పద్దు ఉండదు.

గిడ్డంగిలోంచి తీసి ఇచ్చే ఆయుధాల విలువ ఇంకో తగాదా. ఉక్రెయిన్‌కు తన నిల్వల నుంచి ఆయుధాలు ఇచ్చేటప్పుడు అమెరికా అధ్యక్షుడికి చట్టం ఒక డాలర్ల పరిమితి పెడుతుంది. పాత క్షిపణి ఇస్తే దాని విలువ కొన్నప్పటి ధరలోంచి అరుగుదల తీసేసినదా, అలాంటిదే కొత్తది కొనడానికి అయ్యేదా? 2023 జూన్‌లో పెంటగాన్, తాము రెండో పద్ధతి వాడి 620 కోట్ల డాలర్లు ఎక్కువ లెక్కేశామని ప్రకటించింది. ఒక్క సంతకం లేకుండా, ఒక్క పెట్టె కదలకుండా ఇంకో 620 కోట్ల ఆయుధాలు పంపే వీలు వచ్చింది. గిడ్డంగి నింపాలంటే మాత్రం కొత్త ధరే కట్టాలి.

భారత్‌లో ఎలా?

మన కేంద్ర బడ్జెట్‌లో విదేశీ ఆపరేషన్ల పేరుతో ప్రత్యేక పద్దు లేదు. 2008 నుంచి ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల మీద నిఘాకు తిరుగుతున్న నౌకల ఇంధనం, సిబ్బంది భత్యాలు నౌకాదళం రెవెన్యూ ఖర్చులో కలిసిపోతాయి. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలది కాస్త మెరుగు. ప్రతి మిషన్‌కు సమితి వేరే ఖాతా నడుపుతుంది, బడ్జెట్ జులై నుంచి జూన్ దాకా ఉంటుంది, పంపిన దేశానికి ఒక్కో సైనికుడికి నెలకింత అని తిరిగి ఇస్తుంది. 2022 జులైలో ఆ రేటు 1,448 డాలర్లయింది. భారత్ నుంచి వెళ్లినా, బంగ్లాదేశ్ నుంచి వెళ్లినా అదే రేటు కాబట్టి జీతాలు తక్కువున్న దేశాలకు గిట్టుబాటు, పాశ్చాత్య దేశాలకు నష్టం. సభ్యదేశాలు బకాయిలు పెట్టడంతో ఆ సొమ్ము రావడం మాత్రం ఆలస్యమవుతుంటుంది.

పెద్ద ఆపరేషన్ వస్తే ఏం చేయాలో రాజ్యాంగంలో ఉంది. 115వ అధికరణ కింద అనుబంధ పద్దులు అడగవచ్చు. పార్లమెంటు సమావేశంలో లేకపోతే ఆగంతుక నిధి నుంచి తీసుకోవచ్చు. 2021లో దాన్ని 500 కోట్ల నుంచి 30,000 కోట్ల రూపాయలకు పెంచారు. ఎన్నికల ఏడాది వార్తల్లో వినే ఓట్ ఆన్ అకౌంట్ 116వ అధికరణలోది. అదే అధికరణలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఇంకో మాట ఉంది: ఓట్ ఆఫ్ క్రెడిట్. అవసరం మరీ పెద్దదై, దాని స్వరూపం తేలక, మామూలుగా ఇచ్చే వివరాలు ఇవ్వలేని పరిస్థితిలో లోక్‌సభ ఒక మొత్తాన్ని వివరాలు లేకుండానే మంజూరు చేయవచ్చు. ఇది బ్రిటన్ నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన వారంలో, 1914 ఆగస్టు 6న, ఆస్క్విత్ ప్రభుత్వం ఇలాగే 10 కోట్ల పౌండ్లు అడిగింది. అంతే మొత్తాన్ని 1917లో భారత ఖజానా యుద్ధానికి 'కానుక'గా ఇచ్చింది. సముద్రం దాటిన భారత సైనికుల మామూలు జీతాలు దీనికి అదనం, అబిసీనియా నాటి సూత్రం ప్రకారమే.

సైనికులు తిరిగొచ్చాక

ఇప్పటిదాకా చెప్పుకున్న పద్దులన్నీ యుద్ధం నడుస్తున్నప్పటివి. పెద్ద బిల్లు ఆ తర్వాత, వేరే శాఖ పేరు మీద వస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల శాఖ బడ్జెట్ రక్షణ బడ్జెట్‌లో భాగం కాదు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల పొగ పీల్చి జబ్బు పడ్డవాళ్ల కోసం 2022 ఆగస్టులో వచ్చిన చట్టానికి పదేళ్లలో సుమారు 28,000 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. ఆ పొగ లేచినప్పుడు ఏ అనుబంధ పద్దులోనూ ఈ మొత్తం లేదు. కొరియా యుద్ధానికి ట్రూమన్ పన్నులు పెంచారు. ఇరాక్ యుద్ధం మొదలైన 2003లోనే బుష్ పన్నులు తగ్గించారు, కాబట్టి ఆ ఖర్చు చాలావరకు అప్పు మీద నడిచింది. వడ్డీ ఇంకో పద్దులో, ఏ యుద్ధం పేరూ లేకుండా ఉంటుంది.

ఇలాంటి చెల్లింపులకు ఆయుష్షు ఎక్కువ. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికని అమెరికా టెలిఫోన్ల మీద పన్ను వేసింది. మధ్యలో ఎత్తేసి మళ్లీ తెచ్చిన ఆ పన్నును దూర ప్రాంత కాల్స్ మీద వసూలు చేయడం 2006లో ఆపారు. మొదటి ప్రపంచ యుద్ధ సైనికులకు ఇచ్చే వైకల్య పరిహారం అత్యధికంగా ఉన్నది 1969లో. 1865లో ముగిసిన అంతర్యుద్ధానికి సంబంధించిన చివరి పింఛను, ఒక సైనికుడి కూతురికి నెలకు 73 డాలర్ల 13 సెంట్లు, 2020లో ఆమె చనిపోయేదాకా అందుతూనే ఉంది.